తెలివొచ్చేలోగా ఉద్యోగం వదలకండి

మిరపకోతల రోజుల్లో గుంటూరు పెద్దాసుపత్రి అత్యవసర విభాగం ముందు కాసేపు నిలబడితే ఒకే ప్రశ్న పదిసార్లు వినపడుతుంది. "తెలివొచ్చిందా?" ఫోన్లో చుట్టం అడుగుతాడు, పక్క మంచం తాలూకు మనిషి అడుగుతుంది, టీ తెచ్చిన కుర్రాడూ అడుగుతాడు. "రేపటికల్లా వస్తుందంటన్నారు" అని జవాబు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది, తెలివి మాత్రం రాదు. తలకు గట్టి దెబ్బ తగిలిన మనిషికి తెలివి రావడం ఒక్క రాత్రిలో తేలే సంగతి కాదు. వారాలు పడుతుంది, నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు పడుతుంది. ఈలోగా మిగతా ఇల్లంతా తన బతుకు గురించి పెద్ద నిర్ణయాలు తీసేసుకుంటుంది. భార్య మిల్లు మానేస్తుంది, తమ్ముడు పొలం బేరం పెడతాడు, పెద్దపిల్ల కాలేజీ ఆపేస్తుంది. ఇవన్నీ మొదటి నెలలోనే, భయంలోనే జరిగిపోతాయి. మెదడు మాత్రం తన లెక్కను ఏడాదితో కొలుస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఈ తేడా గురించే.

ఒక ఇల్లు ఊహించుకోండి. భర్త మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. భార్యది చిలకలూరిపేట పక్కన గణపవరంలో నూలు మిల్లు పని, షిఫ్టుల వారీగా. రెండెకరాల కౌలు పత్తి. ఫిబ్రవరి నెల, మిర్చి టిక్కీలు (బస్తాలు) కుప్పలుగా దిగే సీజను. రాత్రి పదకొండింటికి కొట్టు కట్టేసి బండి మీద పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కాడు. హెల్మెట్ హ్యాండిల్‌కు వేలాడుతోంది. మిగతాది చెప్పక్కర్లేదు. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నూటికి నలభై నాలుగు మంది రెండు చక్రాల బండి మీద ఉన్నవాళ్లే. బతికినవాళ్లలో ఎందరు ఇలా మంచం మీద మిగిలారో ఆ లెక్కలో కనపడదు.

ఆ మొదటి రాత్రి మీ చేతిలో ఉన్నవి రెండు పనులు. మొదటిది 108కి ఫోన్ చేసి, తల స్కాన్, తలకు ఆపరేషన్ రెండూ చేయగల చోటికి తీసుకెళ్లడం. దారిలో కనపడిన చిన్న ఆసుపత్రిలో సెలైన్ పెట్టించి రెండు గంటలు పోగొట్టుకోకండి. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు, ఆ పథకం కింద ఉన్న ఆసుపత్రుల్లో, ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం చేసే కేంద్ర పథకం అమల్లో ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు సంగతి దీనికి వేరు. ఆ వివరాలు 104లో చెబుతారు.

రెండో పని కాగితం. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు "ఎలా జరిగింది?" అని అడిగితే, కంగారులోనో, ఎదుటి బండి మన ఊరి వాడిదే అన్న మొహమాటంతోనో "తనే పడ్డాడండీ" అనేస్తారు. ఆ ఒక్క మాట ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసు) కాగితం మీదకు ఎక్కిందంటే రేపు పరిహారం కేసు అక్కడే చిక్కుపడుతుంది. చూసినవాళ్లు ఉంటే వాళ్లు చెప్పింది రాయించండి. చూడకపోతే "మాకు తెలియదు" అని రాయించండి. అంతేగానీ మీరు చూడని సంగతిని మీ నోటితో తేల్చేయకండి. ఎఫ్ఐఆర్ నకలు తీసుకుని ఒక సంచిలో పెట్టండి. ఆ సంచి ఇక ఏడాది పాటు మీతోనే తిరుగుతుంది.

ఇక డాక్టర్లు చెప్పే అంకెలు. 1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు ఒక కొలత తయారుచేశారు. కళ్లు తెరవడం, మాట్లాడటం, కాళ్లూ చేతులూ కదపడం అనే మూడింటికి మార్కులు వేస్తారు. మొత్తం 15. అసలేమీ లేకపోయినా 3 వస్తుంది. 8, అంతకన్నా తక్కువ వస్తే దెబ్బ తీవ్రమైనదని అర్థం. "మూడు ఉంది" అనగానే "ఇక పోయినట్టే" అని ఇంటికి ఫోన్లు చేసేస్తుంటారు. ఆ అంకె ఆ గంటకు సంబంధించింది. పైగా మెదడు వాపు తగ్గడానికి, వెంటిలేటరు మీద ఇబ్బంది పడకుండా ఉండటానికి డాక్టర్లే నిద్రమందు ఇస్తుంటారు. కాబట్టి "ఈ మత్తు దెబ్బదా, మందుదా?" అని అడగండి. ఈ ప్రశ్న అడిగినందుకు ఏ డాక్టరూ కోప్పడరు.

అమెరికా నరాల వైద్యుల సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మీ ఇంటికి పనికొచ్చే ముక్క ఒకటుంది. దెబ్బ తగిలిన మొదటి 28 రోజుల్లో, తెలివి రాని మనిషి గురించి "ఇతనికి ఇక ఆశ లేదు" అని గంపగుత్తగా తేల్చి చెప్పకూడదు. మీరూ ఆ 28 రోజులు ఏదీ తేల్చేయకండి. ఉద్యోగం, పొలం, పెళ్లి సంబంధం, చదువు, అన్నీ అలాగే ఉండనీయండి.

రెండు మూడు వారాలకు చాలామంది కళ్లు తెరుస్తారు. ఇల్లంతా సంబరం. కొబ్బరికాయలు కొడతారు. తర్వాత నాలుగు రోజులకు ఆ సంబరం కాస్తా గుబులవుతుంది. కళ్లు తెరిచాడు గానీ మనల్ని చూడటం లేదు, పిలిస్తే పలకడు, చెయ్యి పిసికితే పట్టు ఉంది గానీ మాట మీద కాదు. మెలకువ వేరు, తెలివి వేరు. మన భాష ఈ రెంటినీ విడదీసే ఉంచింది. మెలకువ నిద్రకు ఎదురు. తెలివి అంటే తన గురించీ చుట్టూ ఉన్నవాళ్ల గురించీ ఎరుక. కళ్లు తెరుచుకున్నా ఎరుక లేని దశ ఒకటుంది. దాని తర్వాత ఎరుక ఉండీ లేనట్టు, వచ్చి పోయే దశ ఇంకొకటి. ఒక పూట చూపు మనిషి వెంట తిరుగుతుంది, రెండో పూట తిరగదు. ఈ రెండు దశలకూ తేడా చాలా ఉంది. రెండోదానిలో ఉన్నవాళ్లు కోలుకునే అవకాశం ఎక్కువ. పైపైన చూసి చెప్పే అభిప్రాయం తప్పుతుందనడానికి 2009లో వచ్చిన ఒక పరిశోధన సాక్ష్యం. ఎరుక లేదని వైద్యులు అనుకున్నవాళ్లలో నూటికి నలభై మందికి, పద్ధతి ప్రకారం పరీక్షిస్తే ఎరుక జాడలు దొరికాయి. ఒక్కసారి చూసి చాలించకుండా వేర్వేరు పూటల్లో కనీసం అయిదుసార్లయినా పరీక్షించాలని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

పూటకు అయిదు నిమిషాలు చూసి వెళ్లే డాక్టరుకు ఈ ఎరుక జాడ దొరక్కపోవచ్చు. మంచం పక్కన రోజంతా కూర్చునే మీకు దొరుకుతుంది. ఇంట్లో పిల్లవాడి పాత నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. తేదీ, వేళ, ఏం చేశారు, ఏం కనపడింది అని రాయండి. అద్దం ముఖానికి ఎదురుగా పెట్టి నెమ్మదిగా పక్కకు జరపండి. తన ముఖాన్నే కళ్లు వెంటాడటం చాలామందిలో మొదట కనపడే జాడ. వేలు, టార్చిలైటు కన్నా అద్దం బాగా పనిచేస్తుంది. తర్వాత ఒక్క మాట, అందరూ ఒకే మాట: "బొటనవేలు ఎత్తు." చెప్పి పదిహేను సెకన్లు ఆగండి. మెదడు మెల్లగా వింటుంది. మీరు వెంటనే ఇంకో మాట చెబితే మొదటిది చెరిగిపోతుంది. జవాబు వచ్చినప్పుడల్లా ఫోన్లో వీడియో తీయండి, తేదీతో. రౌండ్స్‌లో "నిన్న చూశాడండీ" అనే మాటకన్నా ఆ వీడియోకు విలువ ఎక్కువ. ఎలాగూ నోట్‌బుక్ ఉంది కాబట్టి అందులోనే ఏ మందు ఎప్పుడు మొదలైందో కూడా రాయండి. కొన్ని మూర్ఛ మందులు, నిద్రమందులు తెలివిని మందగింపజేస్తాయి. మందు మారిన రోజుకూ మనిషి మందగించిన రోజుకూ సంబంధం ఉందేమో ఆ పేజీల్లోనే తేలుతుంది.

అమాంటడిన్ అని ఒక పాత మందు ఉంది. మొదట ఫ్లూ జ్వరానికి, తర్వాత పార్కిన్సన్ జబ్బుకు వాడారు. 2012లో 184 మంది తల దెబ్బ రోగుల మీద నాలుగు వారాలు పరీక్షిస్తే, మందు తీసుకున్నవాళ్లు త్వరగా మెరుగయ్యారని తేలింది. దెబ్బ తగిలి నాలుగు నుంచి పదహారు వారాల మధ్య ఉన్నవాళ్ల కోసం ఆ పరీక్ష చేశారు. "మా మనిషికి ఇది పనికొస్తుందాండీ?" అని డాక్టరును అడగండి. దుకాణంలో మీరే కొని మాత్రం వేయకండి. మూర్ఛ ఉన్నవాళ్లకు, కిడ్నీ బాగాలేనివాళ్లకు ప్రమాదం.

ఇంకొక సంగతి చెప్పాలి. 2024లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, మాటకు ఎలాంటి కదలికా చూపని 241 మందిని స్కానింగు లాంటి పరీక్షలతో చూశారు. చెప్పిన పనిని మనసులో ఊహించుకోమంటే 60 మంది మెదళ్లు ఆ పని చేశాయి. అంటే నలుగురిలో ఒకరు. బయటికి రాయిలా ఉన్నారు, లోపల వింటున్నారు. ఈ పరీక్షలు మన ఊళ్లో అందుబాటులో లేకపోయినా ఇందులో మనకు పనికొచ్చే పాఠం ఉంది. మంచం పక్కన నిలబడి ఖర్చెంతయింది, పొలం ఎవరికి, "ఇలా బతికే కంటే..." అనే మాటలు అనకండి. పేరు పెట్టి పిలవండి, తేదీ చెప్పండి, యార్డులో ధర ఎంతుందో చెప్పండి. అమెరికాలో ఒక చిన్న ప్రయోగంలో ఇంట్లోవాళ్ల గొంతుతో పాత సంగతులు రికార్డు చేసి రోజుకు నాలుగుసార్లు, ఆరు వారాలు వినిపించారు. మెదడు స్పందన మెరుగైంది. మీ అత్తగారు చెప్పే చిన్ననాటి కబుర్లు రికార్డు చేయడానికి ఖర్చేమీ కాదు. అయితే రోజంతా టీవీ మోగించడం మేలు కాదు, అలసట.

ఇక ఎంతకాలం? అమెరికాలో 2021లో వచ్చిన ఒక లెక్క చెబుతాను. రెండు వారాలకు కూడా ఎరుక లేని దశలోనే ఉండి, తర్వాత బతికినవాళ్లలో ఏడాది తిరిగేసరికి నూటికి డెబ్బై మందికి పైగా ఎరుక వచ్చింది. వాళ్లలో తేదీ, చోటు, మనుషులు సరిగా తెలిసేంత కోలుకున్నవాళ్లు నాలుగో వంతు. అవి మంచి ట్రామా సెంటర్లలో చికిత్స పొందినవాళ్ల అంకెలు. మన దగ్గర ఇంతకన్నా తక్కువ ఉండొచ్చు. అయినా రెండు వారాలకు చేతులెత్తేయకూడదని చెప్పడానికి అవి చాలు. తల దెబ్బకు పన్నెండు నెలల వరకు తలుపు తెరిచే ఉన్నట్టు లెక్క. ఊపిరాడకో, గుండె ఆగో మెదడు దెబ్బతిన్నవాళ్లకు మూడు నెలలే. కాబట్టి "మా చుట్టం ఒకాయన కోమాలోంచి లేవనే లేదు" అని ఎవరైనా చెబితే ఆయనకు జరిగిందేమిటో ముందు అడగండి.

మనందరికీ తెలిసిన కథ ఒకటుంది. హీరో సాయి ధరమ్ తేజ్ 2021 సెప్టెంబరు 10న హైదరాబాదులో కేబుల్ బ్రిడ్జి దగ్గర బండి మీంచి పడ్డారు. హెల్మెట్ ఉంది. దాదాపు రెండు వారాలు కోమాలో ఉన్నట్టు ఆయనే తర్వాత చెప్పారు. ఆసుపత్రిలో ఉండగానే అక్టోబరు 1న ఆయన సినిమా 'రిపబ్లిక్' విడుదలైంది. అక్టోబరు 15న, తన పుట్టినరోజు నాడే ఇంటికి వచ్చారు. వచ్చాక మాట తడబడేదని, మాట్లాడటం మళ్లీ కూడదీసుకోవాల్సి వచ్చిందని కూడా చెప్పారు. తర్వాతి సినిమా 'విరూపాక్ష' 2023 ఏప్రిల్‌లో వచ్చింది. హెల్మెట్ ఉండి, డబ్బు ఉండి, హైదరాబాదులోనే పడి, పెద్ద ఆసుపత్రికి వెంటనే చేరిన మనిషికి తెరమీదకు తిరిగి రావడానికి ఏడాదిన్నర పట్టింది. మిర్చి యార్డు గుమస్తాకు ఆరు నెలల్లో ఎందుకు నయం కాలేదని చుట్టాలు అడిగితే ఈ తేదీలు చెప్పండి.

రెండో కథను జాగ్రత్తగా వాడుకోవాలి. అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రపు టెర్రీ వాలిస్ 1984లో రోడ్డు ప్రమాదంలో దెబ్బతిని, 2003లో, పంతొమ్మిదేళ్ల తర్వాత, నోరు తెరిచి "అమ్మ" అన్నాడు. వాట్సాప్‌లో ఇక్కడితో ఆపేస్తారు. ఆయన నడవలేదు, ఆయన జ్ఞాపకం 1984లోనే నిలిచిపోయింది. నిజంగా జరిగిన మేలే అది. దాని కోసం పొలమంతా అమ్మి పంతొమ్మిదేళ్లు ప్రైవేటు గదిలో ఉంచాలని మాత్రం అర్థం కాదు.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. మనం ఊహించుకున్న ఇంట్లో మొదటి వారంలోనే అత్తగారు కోడలితో అంటుంది: "మిల్లు మానెయ్యి తల్లీ, వాడి దగ్గర ఎవరుంటారు?" ప్రేమతో అన్న మాటే. కానీ ఆ కోడలికి ఈఎస్ఐ కార్డు ఉంటే, ఆ కార్డు మీద భర్తకూ వైద్యం ఉంటుంది. ఆమె మానేస్తే కొన్నాళ్లకు అది ఆగిపోతుంది. జీతం పోతుంది, పీఎఫ్ ఆగుతుంది, ఏడాది తర్వాత మళ్లీ వెళితే పాత సర్వీసు ఉండదు. రాజీనామా చేయడానికి బదులు సెలవు అడగండి. ముందు ఉన్న సెలవులు, తర్వాత జీతం లేని సెలవు. నోటితో కాదు, కాగితం మీద, ఆసుపత్రి సర్టిఫికెట్టు జతచేసి, ఒక నకలు మీద ముద్ర వేయించుకుని. షిఫ్టు మార్చమని అడగండి. రాత్రి షిఫ్టు తీసుకుంటే పగలు ఉండొచ్చని అనిపిస్తుంది గానీ నెలకే మీరు పడిపోతారు. పగటి షిఫ్టు మంచిది. ఆసుపత్రిలో రాత్రులు మగవాళ్లు వంతులు వేసుకోవాలి. బావమరిది, తోడల్లుడు, తమ్ముడు, ఎవరు ఏ వారం అన్నది గోడ మీద క్యాలెండర్లో రాయండి. "అవసరమైతే పిలవండి వదినా" అనేవాళ్లను అప్పుడే ఒక తేదీకి కట్టేయండి.

దెబ్బతిన్న మనిషి ఉద్యోగం గురించి ఇంకా జాగ్రత్త. ఎవరైనా "ఈ కాగితం మీద వేలిముద్ర వేయించండి, లెక్క సెటిల్ చేస్తాం" అంటే వేయించకండి. తెలివి లేని మనిషి వేలిముద్రకు విలువ లేదు సరే, కానీ సర్వీసులో ఉండగా వచ్చే హక్కులు రాజీనామాతో పోతాయి. ఈఎస్ఐ ఉన్న మనిషికి మామూలు జబ్బుకైతే జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. పనిలో జరిగిన ప్రమాదానికైతే పని చేయలేనన్ని రోజులూ 90 శాతం. పనికి వెళ్లే, వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పని ప్రమాదంగా చూసే వీలు 2010 సవరణ నుంచి ఉంది. కొట్టు నుంచి ఇంటికి బయలుదేరిన వేళ, దారి రుజువు కావాలి. యజమాని దగ్గర ఆ మాట త్వరగా రాయించుకోండి. పీఎఫ్ పెన్షన్ పథకంలో ఒక్క నెల చందా పడి ఉన్నా, సర్వీసులో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే నెలనెలా పింఛను వస్తుంది. చాలామందికి ఇది తెలియదు. పదేళ్లు నిండాలనుకుని వదిలేస్తారు.

ప్రభుత్వ ఉద్యోగి అయితే చట్టం ఇంకా గట్టిగా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో వైకల్యం వచ్చిందని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. అలాంటి పోస్టు లేకపోతే దొరికేదాకా అదనపు పోస్టు మీద ఉంచాలి. కాబట్టి "స్వచ్ఛంద విరమణ పెట్టేయండి, త్వరగా డబ్బొస్తుంది" అనే సలహా వింటే ఈ సెక్షన్ నంబరు గుర్తు చేసుకోండి.

పరిహారం విషయంలో నా మాట ఒక్కటే. కేసు తొందరగా వేయండి, రాజీ తొందరగా పడకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. మీరు ఉండే చోటి ట్రిబ్యునల్‌లోనే వేయొచ్చు. ఢీకొట్టిన జిల్లాకే పోనక్కర్లేదు. వేసిన కొద్ది నెలలకే ఎవరో ఒకరు వచ్చి లోక్ అదాలత్‌లో ఇంతకు ముగించుకుందాం అంటారు. అప్పటికి మీ మనిషి ఎంత కోలుకుంటాడో డాక్టరుకే తెలియదు, ఇక ధర ఎలా కడతారు? ఏడాది గడిచి వైకల్యం ఇంత అని తేలాక మాట్లాడండి. 2020లో సుప్రీంకోర్టు తలకు దెబ్బ తగిలిన ఒక బాలిక కేసులో, జీవితాంతం తోడుండాల్సిన ఇద్దరు సహాయకుల ఖర్చును కూడా ఏళ్ల లెక్కన గుణించి ఇచ్చింది. మంచం దగ్గర కూర్చున్న ఇల్లాలి శ్రమకు కూడా ఖరీదు కట్టాలనడానికి ఆ తీర్పు ఆధారం. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితం. ఫోన్ నంబరు 15100.

బ్యాంకు. ఇది అందరూ మరిచిపోయే గోతి. పంట డబ్బు భర్త పేరు మీది ఖాతాలో పడింది, తీయడానికి సంతకం లేదు. ఏటీఎం పిన్‌తో నాలుగు రోజులు నడుస్తుంది. తర్వాత బంగారం మీద అప్పు, ఆ తర్వాత నూటికి మూడు రూపాయల వడ్డీ. కోమాలో ఉన్న మనిషికి సంరక్షకులను నియమించే ప్రత్యేక చట్టం మనకు లేదు. ఇల్లాలు హైకోర్టుకు వెళ్లి అడగాల్సి వస్తోంది. 2019లో కేరళ హైకోర్టు దీనికి ఒక పద్ధతి ఏర్పరచింది: మెడికల్ బోర్డు నివేదిక, రెవెన్యూ అధికారి విచారణ, ఖర్చు లెక్కలు కోర్టుకు అప్పగించడం. ఇక్కడి వకీలుకు ఆ తీర్పు సంగతి చెప్పండి. ఈ వ్యాసం చదువుతున్నవారి ఇంట్లో అందరూ క్షేమంగా ఉంటే, ఈ వారంలోనే బ్యాంకుకు వెళ్లి భార్యాభర్తల ఖాతాను ఎవరైనా తీసుకునేలా జాయింటుగా మార్పించుకోండి. అరగంట పని.

ఇంటికి తెచ్చాక మొదటి మూడు నెలలు చాలామందిని దెబ్బతీసేది మెదడు కాదు. పుండ్లు, న్యుమోనియా, బిగుసుకుపోయిన కీళ్లు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రి కూడా. ముక్కు పైపులో పోసేటప్పుడు తల వైపు ఎత్తుగా ఉంచాలి, పోశాక కూడా గంటసేపు పడుకోబెట్టకూడదు. మోచేతులు, మణికట్టు, మడమలు రోజూ మెల్లగా చాపి కదపాలి. ఫిజియోథెరపిస్టు దగ్గర మొదటి వారంలోనే నేర్చుకోండి. గొంతు దగ్గర పైపు ఉంటే కల్లంలో మిరప ఎండబోసే వైపు మంచం వేయకండి. మనకే తుమ్ములు తెప్పించే ఆ ఘాటు ఆ పైపులోంచి నేరుగా ఊపిరితిత్తులకు పోతుంది. కరెంటు పోతే సక్షన్ మిషన్ ఆగుతుంది. కాలితో తొక్కే సక్షన్ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి.

వాపు తగ్గడానికి పుర్రె ఎముక ముక్క తీసి, దాన్ని పొట్ట చర్మం కింద దాచడం మన ఆసుపత్రుల్లో మామూలే. ఊళ్లో అది వింతగా చెప్పుకుంటారు. భయపడకండి, అక్కడ అది పాడవకుండా ఉంటుంది. ఎముక లేని వైపు ఒత్తి పడుకోబెట్టకూడదు. కొన్ని వారాలకో నెలలకో దాన్ని తిరిగి అమరుస్తారు. ఆ ఆపరేషన్ ఎప్పుడో అడిగి తేదీ రాసుకోండి. డబ్బు లేదని వాయిదా వేయకండి. కొందరికి ఎముక పెట్టాకే తెలివి మెరుగవుతుంది. అలాగే, బాగవుతున్న మనిషి ఉన్నట్టుండి మందగిస్తే, వాంతులు చేసుకుంటే, నడక తప్పితే తలలో నీరు చేరిందేమో స్కాన్ తీయించాలి. దానికి వైద్యం ఉంది. "అంతే, వెనక్కి పోయాడు" అని ఊరుకోకూడదు.

ఏడాది గడిచినా తెలివి రానివాళ్లూ ఉంటారు. ఆ ఇళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. అక్కడ తప్పు మీది కాదు. ఎవరో ఆకుపసరు ముందే పోయించి ఉంటే లేచేవాడనే మాటలు చెవిన పెట్టకండి. వైకల్య ధ్రువపత్రం కోసం సచివాలయంలో సదరం స్లాటు తీసుకోండి. మంచం నుంచి రాలేని మనిషి సంగతి ముందే చెప్పండి. ప్రమాదం వల్ల మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. ఆ డబ్బులో కొంత ఒక మనిషిని పగటిపూట పెట్టుకోవడానికి వాడండి, ఇల్లాలు పనికి పోవడానికి. పడిపోయిన మనిషిని చూసుకునే మనిషి కూడా పడిపోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది. నిద్ర పట్టకపోతే, బతుకు మీద విరక్తి పుడితే 14416 నంబరుకు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు.

తెలివొచ్చిన ఇంట్లో ఇంకో రకం కష్టం. మొదట కొన్ని వారాలు గందరగోళం. తాను ఎక్కడున్నాడో తెలియదు, పైపులు పీకేస్తాడు, ఎన్నడూ తిట్టని నోరు బూతులు తిడుతుంది. అది మెదడు తేరుకుంటున్న దశ, అతని బుద్ధి కాదు. వాదించకండి. లైటు తగ్గించి, పరామర్శకు వచ్చేవాళ్లను ఒక్కొక్కరిగా పంపండి. ఆ తర్వాత నడుస్తాడు, తింటాడు, నవ్వుతాడు. ఊరంతా "బాగైపోయాడు" అంటుంది. లోపల మాత్రం జ్ఞాపకం జారుతుంది, రెండు గంటలకే అలసట, చిన్నదానికి పెద్ద కోపం, తనంతట తాను ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం. ఈ చివరిదాన్ని చూసి "సోమరి అయ్యాడు" అంటారు. ఆ మాట మనిషిని కుంగదీస్తుంది. మొదలుపెట్టడం మెదడులో ఒక భాగం పని, అది దెబ్బతింది. "లే, చొక్కా వేసుకో" అని మొదటి అడుగు మీరు చెబితే మిగతాది చేసుకుంటాడు.

పనికి తిరిగి వెళ్లే వేళను సీజను చూసి ఎంచుకోండి. ఫిబ్రవరి, మార్చిలో టిక్కీల రద్దీలోకి దింపకండి. యార్డుకు వేసవి సెలవులు అయ్యాక, కోల్డ్ స్టోరేజీ సరుకు నెమ్మదిగా నడిచే రోజుల్లో పంపండి. మొదటి నెల రోజుకు రెండు గంటలు, వారానికి మూడు రోజులు. కాటా చీటీలు రాయడం, బస్తాలు లెక్కపెట్టడం లాంటి ఒక్క పని. రాసిన లెక్కను ఇంకొకరు సరిచూడాలి. ఆ సంగతి యజమానికి మీరే ముందుగా చెప్పండి. తప్పు దొర్లాక చెబితే సాకులా వినపడుతుంది. జిన్నింగ్ యంత్రం, ట్రాక్టరు, లారీ మీది బస్తాల దొంతర, బావిగట్టు వద్దు. డాక్టరు చెప్పేదాకా మందు కొట్టే పంపు భుజాన వేయకూడదు. మద్యం అసలు వద్దు. మూర్ఛ తిరగబెడుతుంది. సెల్‌ఫోన్లో అలారాలు, జేబులో చిన్న పుస్తకం, మధ్యాహ్నం గంట నిద్ర. మూడో నెలలో గంటలు పెంచండి. పెంచాక కోపం, తలనొప్పి ఎక్కువైతే వెనక్కి తగ్గించండి.

బండి తాళం మాత్రం ఇంకా ఇవ్వకండి. మూర్ఛ రాలేదని, చూపు, చురుకుదనం సరిపోతాయని డాక్టరు రాసిచ్చేదాకా ఆగాలి. దానికి ఏడాది పట్టొచ్చు. అతను అలుగుతాడు, "నేను చిన్నపిల్లాణ్నా?" అంటాడు. అందుకే పనికి పంపే ముందే, పొద్దున కొట్టు దగ్గర ఎవరు దింపాలి, సాయంత్రం ఎవరు తీసుకురావాలి అన్నది అతని ఎదుటే కూర్చుని మాట్లాడుకుని, ఆ క్యాలెండర్లోనే రాయండి.